అడగడానికి ఎన్ని మాటలు

ఒక సంకలనం కోసం ఇంగ్లీషు వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. బ్రిటిష్ ఇండియాలో స్త్రీల ఓటు హక్కు గురించిన వ్యాసం అది. రెండో పేజీలోనే ఒక క్రియాపదం దగ్గర ఆగిపోయాను. ఆ మాట 'కాన్వాస్'. ఒక కమిటీ రాష్ట్రాలన్నీ తిరిగి అభిప్రాయాలను కాన్వాస్ చేసిందని వాక్యం. అందరం రాసేదే నేనూ రాశాను, 'అభిప్రాయాలను సేకరించింది' అని. కాగితాలు బల్ల మీద వదిలి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి అమ్మ అద్దాలు పెట్టుకుని చదువుతోంది.

"సేకరించుడేందే? చింతపండా, మామిడికాయలా? అడిగిండ్రని రాయరాదు?"

అడిగారని రాయొచ్చు. కానీ ఆ కమిటీ నిజంగా అడిగిందా? అమ్మ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆ ఒక్క క్రియాపదం వెంటా, దాని చుట్టపు మాటల వెంటా కొన్ని నెలలు తిరిగాను. ఆ మాటల్లో ఎవరు ఎవరిని చూస్తున్నారో, ఎవరు ఎవరి మీద నిలబడి ఉన్నారో తెలుస్తూ వచ్చింది. చివరికి అది నా సొంత పరిశోధన దాకా వచ్చి నిలదీసింది.

'కాన్వాస్' అంటే మొదట ముతక గుడ్డ. గంజాయి జాతి మొక్క నారతో నేసిన గుడ్డ. దాని మూలం లాటిన్‌లో ఆ మొక్క పేరే. 16వ శతాబ్దంలో అది క్రియాపదమైంది. మనిషిని గుడ్డలో వేసి నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని పైకి ఎగరేయడం దాని తొలి అర్థాల్లో ఒకటి. తర్వాత ఉతికి ఆరేయడం, విషయాన్ని గుడ్డలో వేసి జల్లించినట్టు పరిశీలించడం, ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి ఓట్లడగడం, అభిప్రాయాలు తెలుసుకోవడం. జల్లించడమంటే మన ఆడవాళ్ళకు కొత్త కాదు. చేటలో చెరిగి, తాలూ గింజా వేరు చేయడం మనకు నిత్యం ఉండే పనే. అయితే చెరిగే చేయి ఎవరిదో, తాలుగా ఎగిరిపోయేది ఎవరి మాటో చూడాలి.

మన రాష్ట్రాల చరిత్రలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1953 డిసెంబరులో ఏర్పడ్డ రాష్ట్రాల పునర్విభజన సంఘం, మనం ఫజల్ అలీ కమిషన్ అనేది, దేశంలో 104 చోట్లకు వెళ్ళింది. తొమ్మిది వేల మందికి పైగా మనుషులతో మాట్లాడింది. దానికి అందిన విజ్ఞాపనలూ ఉత్తరాలూ అన్నీ కలిపి 1,52,250. అందులో తగినంత ఆలోచించి రాసినవి రెండు వేలకు మించవని ఆ కమిషనే తన నివేదికలో తేల్చింది. హైదరాబాదు రాష్ట్రాన్ని ఉంచాలా, కలపాలా అన్నది అలా చెరిగిన చేటలోంచే వచ్చింది. మిగిలిన లక్షన్నర కాగితాల్లో రెండు వాక్యాల ఉత్తరాలు ఉండి ఉంటాయి, తంతి సందేశాలుంటాయి. బాగా రాసిన విజ్ఞాపనకు చదువు కావాలి, తీరిక కావాలి, టైపు చేసిపెట్టే వకీలు కావాలి. చేటకు రంధ్రాలు లేవు కానీ చెరిగేటప్పుడు బరువున్నదే నిలుస్తుంది.

తెలుగులోకి 'కాన్వాసింగ్' అని వచ్చేసరికి ఈ మాట మరో దారి పట్టింది. మన ఊళ్ళలో కాన్వాసింగ్ అంటే అభిప్రాయం అడగడం కాదు. ఎన్నికలప్పుడు జెండాలు పట్టుకుని తిరగడం, ఇన్సూరెన్సు ఏజెంటు గుమ్మంలో నిలబడి బతిమాలడం. ఇంగ్లీషు మాటలో అడగడమూ ఉంది, అర్థించడమూ ఉంది. మనం అర్థించడం ఉంచుకుని అడగడం వదిలేశాం. మన అనుభవం అలాంటిది మరి. మన గుమ్మంలోకి వచ్చి నిలబడిన వాళ్ళలో మన అభిప్రాయం కోసం వచ్చిన వాళ్ళు తక్కువ.

దాని పక్క మాట 'పోల్'. పోల్ అంటే పాత ఇంగ్లీషు వాడుకలో తల. పోల్ ట్యాక్స్ తల పన్ను. తలలు లెక్కబెట్టడం నుంచి ఓట్లు లెక్కబెట్టడానికి, అక్కడి నుంచి 20వ శతాబ్దంలో అభిప్రాయాలు లెక్కబెట్టడానికి వచ్చింది. మనకూ 'తలసరి' ఉంది, 'తలా ఒకటి' ఉంది. తల అన్నప్పుడు అందరి తలా ఒకటే అనిపిస్తుంది. లెక్క మొదలయ్యాక తెలుస్తుంది, ఏ తల తలో, ఏది కాదో.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఒక లెక్క బాగా తెలుసు, కానీ దాన్ని లెక్కగా మనం పెద్దగా చదవం. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయినప్పుడు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఉందది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. అయిదేళ్ళ వయసులో పెళ్ళయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి ఆ కుటుంబాల వాళ్ళు ఇష్టపడరు కాబట్టి జాబితా సంపూర్ణం కాదని కూడా గురజాడ చెప్పారు.

సర్వేల గురించి ఇప్పుడు పరిశోధనా పద్ధతుల తరగతిలో చెప్పే పాఠం ఈ ఒక్క మాటలో ఉంది. అడిగింది ఎవరిని? అమ్మినవాళ్ళని. వాళ్ళు చెప్పకపోతే లెక్క తగ్గుతుంది. ఆ జాబితా విలువైనది, దాని వెనక ఉన్న ఉద్దేశం మంచిది. కానీ ఆ 1034 తలల్లో ఒక్క దాన్నీ ఎవరూ అడగలేదు. ఏడాది పిల్లను ఏమని అడుగుతారు? సంస్కరణ యుగం నిండా ఆడపిల్ల తల లెక్కకొచ్చింది, ఆ తలలో ఉన్నది లెక్కకు రాలేదు. మధురవాణి చేత అన్ని మాటలు పలికించిన రచయిత ఆ అంకెల పక్కనే ఉన్న నిశ్శబ్దాన్ని గమనించే ఉంటాడని నాకనిపిస్తుంది. బుచ్చమ్మను మాట్లాడించడానికి ఆయనకు పీఠిక సరిపోలేదు, నాటకం కావలసి వచ్చింది.

స్వతంత్రం వచ్చాక తలల లెక్క మళ్ళీ జరిగింది. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల కోసం ఓటర్ల జాబితాలు రాస్తున్నప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య అనో, ఫలానా వారి తల్లి అనో రాయించారు. సొంత పేరు లేనిదే జాబితాలో ఉంచేది లేదని మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాల్లోకి రాలేదు. దాదాపు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో 28 లక్షలు. పేరు అడగడం ఆయన చేసిన గొప్ప పని. ఒక రకంగా ఈ దేశపు ఆడవాళ్ళను రాజ్యం మొదటిసారి అంత పెద్దయెత్తున 'నీ పేరేమిటి' అని అడిగింది. కానీ గుమ్మంలో నిలబడ్డ పరాయి మగవాడికి పేరు చెప్పకూడదని నేర్పిన ఇంట్లో, ఆ ప్రశ్న ఒక్కటే సరిపోలేదు.

ఆ ఎన్నికల్లోనే హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, శాలిబండ నుంచి మాసూమా బేగం, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి గెలిచారు. ఒకే ఏడాది జాబితాలో లేని ఆడవాళ్ళూ, సభలో కూర్చున్న ఆడవాళ్ళూ. రెండూ ఒకే చరిత్ర.

ఇప్పుడు నేను తెలుగు చేస్తున్న వ్యాసంలోని కమిటీ దగ్గరికి వస్తాను. 1917 డిసెంబరులో స్త్రీలకు ఓటు కావాలని మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసిన ప్రతినిధి బృందానికి నాయకురాలు సరోజినీ నాయుడు. ఆ వెంటనే ఎవరికి ఓటివ్వాలో తేల్చడానికి సౌత్‌బరో కమిటీ వచ్చింది. 1918-19లో దేశమంతా తిరిగింది. స్త్రీల సంఘాలు విజ్ఞాపనలు ఇచ్చాయి. కమిటీ విన్నది. విని, ఇక్కడి సాంఘిక పరిస్థితుల్లో స్త్రీలకు ఓటు తొందరపాటవుతుందని తేల్చింది. పరదాలో ఉన్న స్త్రీలు వచ్చి ఓటు ఎలా వేస్తారన్నది వాళ్ళ సందేహం. కావాలని అడిగిన ఆడవాళ్ళ మాట కన్నా, అడగడానికి రాలేకపోయిన ఆడవాళ్ళ పేర మగవాళ్ళు చెప్పిన మాట బరువైంది. అక్కడి నుంచి విషయం రాష్ట్రాల శాసనసభల చేతికి వెళ్ళింది. 1921లో మద్రాసు శాసనసభ ముందుగా తీర్మానం చేసింది. ఆస్తి ఉన్న కొద్దిమందికే అయినా స్త్రీలకు ఓటు వచ్చింది.

నాంపల్లిలో సరోజినీ నాయుడి కుటుంబం ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది. కాచిగూడ నుంచి అబిడ్స్ మీదుగా వెళ్తే ఎంతో దూరం కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. ఆ గేటు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఒక మాట గుర్తొస్తుంది. ఆమె అడగ్గా అడగ్గా మద్రాసు స్త్రీలకు 1921లో వచ్చిన ఓటు నిజాం రాజ్యంలో ఉన్న ఆ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. వయోజనులందరి ఓటు ఈ ఊరికి 1952లోనే వచ్చింది.

'సర్వే' మాట మనకు అందరికన్నా బాగా తెలుసు. దాని అర్థం పై నుంచి చూడటం. మనకు మొదట వచ్చింది భూమి సర్వే, గొలుసు, సర్వే నంబరు. మనుషుల్ని సర్వే చేయడం తర్వాత వచ్చింది. కానీ రెండూ ఒకేసారి జరిగిన సందర్భం మన చరిత్రలో ఉంది. భూముల్ని కొలిచిన కాలిన్ మెకంజీయే ఊళ్ళ కైఫీయతులను కూడా రాయించాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వారి మనుషులూ ఊరూరా తిరిగి రాయించి తెచ్చారు. కైఫీయతు అంటే స్థితిగతుల వివరం, ఊరు తన గురించి తాను చెప్పుకున్న మాట. సేకరణ అన్న చోట ఈ మాట ఉంటే ఎంత బాగుండేదనిపిస్తుంది. అయితే ఊరి మాటగా చెప్పింది ఎవరు? కరణం, దండకవిలెలు దాచిన ఇల్లు, గుడి పూజారి, పెద్దలు. చెరువు తవ్వినది ఫలానా వారని రాసి ఉంటుంది. ఆ చెరువు మట్టి తట్టలకెత్తుకున్న ఆడదాన్ని ఊరి కైఫీయతు చెప్పమని పిలిచినట్టు ఉండదు. పై నుంచి చూసినా, ఊరి మధ్యలో కూర్చుని రాసినా ఆమె కనిపించలేదు.

ఇంకో మాట, మనసులో ఏముందో లోతు చూడటానికి ఇంగ్లీషులో 'సౌండ్' అంటారు. ఇది ధ్వనికి సంబంధించింది కాదు. సముద్రంలో తాడు వదిలి లోతు చూసే ఫ్రెంచి మాట. మనమూ లోతు చూడటం అంటాం, కూపీ లాగడం అంటాం, ఆరా తీయడం అంటాం. పత్రికలవాళ్ళకు బాగా నచ్చిన మాట 'ఓటరు నాడి'. ఆలోచించి చూస్తే ఈ మాట చిత్రమైనది. నాడి పట్టే వైద్యుడికి రోగి మాట్లాడాల్సిన పని లేదు. చేయి ఇస్తే చాలు.

నాడి పట్టే విద్యకు పేరు తెచ్చిన గ్యాలప్ 1935లో అమెరికాలో తన సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపి, దాదాపు 24 లక్షల జవాబులు అందుకుని, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. 48 రాష్ట్రాల్లో 46 ఆయనే గెలిచాడు. పత్రిక చిరునామాలు తీసుకుంది టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థికమాంద్యం రోజుల్లో అవి ఉన్నది ఎవరికి? చాలా కొద్దిమందినే అడిగినా గ్యాలప్ సరిగ్గా చెప్పాడు. ఇది అందరూ చెప్పే కథ. అంతగా చెప్పని కథ ఏమిటంటే, ఆ తొలి రోజుల్లో గ్యాలప్ సంస్థ కూడా ఆడవాళ్ళను వాళ్ళ సంఖ్యకు తగినట్టు అడగలేదు. ఓటు వేసేవాళ్ళలో వాళ్ళు తక్కువ, వేసినా భర్త వేసిన వాళ్ళకే వేస్తారని లెక్క వేసి మగవాళ్ళను ఎక్కువ మందిని అడిగింది. అడగకముందే జవాబు తెలుసన్న నమ్మకం ఇది. సౌత్‌బరో కమిటీకీ దీనికీ తేడా అంకెలే.

మళ్ళీ మన 'సేకరణ'కు వస్తే, ఆ మాట చేసిన పెద్ద అన్యాయం ఒకటుంది. పర్యావరణ అనుమతుల కోసం బహిరంగంగా ప్రజల మాట వినాలనే నిబంధన 1997లో వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరులోనే వినడం ఉంది. తెలుగు పత్రికల్లో, నోటీసుల్లో అది 'ప్రజాభిప్రాయ సేకరణ' అయింది. 2003లో నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టు యురేనియం గనుల మీద, 2006లో కడప జిల్లా తుమ్మలపల్లె మీద జరిగిన సభలను మనం ఆ పేరుతోనే చదివాం. వినేవాడికి ఒక బాధ్యత ఉంటుంది, విన్నదానికి బదులు చెప్పాలి. సేకరించేవాడికి అది లేదు. సేకరించినది సంచిలో వేసుకుని వెళ్ళిపోతే పని పూర్తవుతుంది. వినడం ఉండాల్సిన చోట సేకరణ పెట్టుకుని, విన్నారా అని అడిగే హక్కును మన భాషలో మనమే వదులుకున్నాం.

హైదరాబాదు భాషలో ఇంకొన్ని మాటలున్నాయి. ఉర్దూలో అభిప్రాయం రాయ్. రాయ్ షుమారీ అంటే అభిప్రాయాలు లెక్కబెట్టడం. ఓటరు రాయ్ దహిందా, అంటే అభిప్రాయం ఇచ్చే మనిషి. ఓటును మాటగా చూసే ఈ పదం నాకిష్టం. అదే ఉర్దూలో జనాభా లెక్క మర్దుమ్ షుమారీ. మర్దుమ్ అంటే జనం, మర్ద్ అంటే మగవాడు. ఒక్క అక్షరం దూరంలో ఉన్నాం. తెలంగాణ ఇళ్ళలో మరో మాట ఉంది, అర్సుకొనుడు. కష్టం వచ్చిన ఇంటికి వెళ్ళి మంచిచెడూ అడగడం. పాత తెలుగు 'అరయు'కు దగ్గరి బంధువు. అర్సుకోవడానికి పోయినవాళ్ళు కాగితం పట్టుకుపోరు. కూర్చుంటారు. చెప్పేది అయిపోయేదాకా లేవరు.

1980లలో ఈ ఊళ్ళోనే కొందరు స్త్రీలు అలా కూర్చున్నారు. స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దూడల సాలమ్మ, ఈ నగరానికి చెందిన జమాలున్నిసా బాజీ తమ మాటల్లో తాము కనబడతారు. పోరాటం మీద అభిప్రాయం అడిగి ఉంటే ఒక పేరాలో అయిపోయేది. జీవితం అడిగారు కాబట్టి కడుపులో బిడ్డలు, దళంలో అన్నాలు, పోరాటం విరమించాక 'ఇంటికి పొమ్మన్నారు' అన్న దుఃఖం అన్నీ వచ్చాయి.

ఆ పుస్తకం నేను ఎం.ఏ.లోనే చదివాను. చదివి ఏం నేర్చుకున్నానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. నా పిహెచ్.డి. వారపత్రికల సీరియళ్ళు చదివిన పాఠకురాళ్ళ మీద. కాచిగూడ, బర్కత్‌పుర, లింగంపల్లి వీధుల్లో 60 దాటిన స్త్రీల దగ్గరికి ప్రశ్నావళి పట్టుకుని తిరిగాను. ఆ నవలల్లోని భార్యాభర్తల సంబంధాల మీద మీ అభిప్రాయం ఏమిటి? ఎదురుగా మూడు గళ్ళు. ఏకీభవిస్తాను, ఏకీభవించను, అభిప్రాయం లేదు. చాలామంది 'నాకేం తెలుసమ్మా, ఊరికే చదివేదాన్ని' అన్నారు. కొందరు 'ఏమో తెల్వదు బిడ్డా' అన్నారు. అన్నిటినీ మూడో గడిలో వేశాను. సిద్ధాంత గ్రంథంలో ఒక పట్టిక వచ్చింది. ఆ తరం పాఠకురాళ్ళలో ఎక్కువమందికి నిశ్చితాభిప్రాయం లేదని ఒక వాక్యమూ రాశాను.

డిగ్రీ వచ్చాక ఒకరోజు, వాళ్ళలో ఒకావిడ ఇంటికి వేరే పని మీద వెళ్ళాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె భర్త ముందు గదిలో పేపరు చదువుతూ కూర్చున్నారు. ఈసారి ఆయన లేరు, కాలం చేశారు. చేతిలో కాగితం లేదు కాబట్టి నేనూ పలకరింపుకే కూర్చున్నాను. టీ ఇచ్చి, అటక మీది నుంచి ఒక అట్ట దించమంది. సీరియల్ పేజీలు వారం వారం కత్తిరించి, సూదీ దారంతో కుట్టిన బొత్తి. కిరాణా పొట్లాలకు పోకుండా దాచుకున్నవట. ఒక నవల చివరి వారం పేజీ లేదు. దొరకలేదా అన్నాను.

"దొరికింది. చింపేసిన. ఆమెను మళ్ళ ఆ మొగని కాడికే పంపిండ్రు. నాకు నచ్చలే."

ఇది ఆమె అభిప్రాయం. నా పట్టికలో ఆమెకు అభిప్రాయం లేదు.

తెల్వదు అనడం వెనక ఎన్ని ఉన్నాయో అప్పుడు ఆలోచించాను. ముందు గదిలో కూర్చున్న మగమనిషి ఉన్నాడు. చదువుకున్న పిల్ల ముందు తప్పు మాట్లాడతానేమోనన్న జంకు ఉంది. ఇంతకుముందు చెప్పిన మాటకు ఎవరూ విలువివ్వని అనుభవం ఉంది. నువ్వెవరివి, నా మాట తీసుకుపోయి ఏం చేస్తావన్న న్యాయమైన అనుమానం ఉంది. ఇన్నిటినీ కలిపి నేను ఒక గడిలో వేసి దానికి ఖాళీ అని పేరు పెట్టాను. విశాఖపట్నం జాబితా రాసినవాళ్ళకు ఒక సాకు ఉంది, వాళ్ళు అడగాల్సిన పిల్లలకు మాటలే రాలేదు. నాకు ఆ సాకు కూడా లేదు.

అంకెలు వద్దని నేననను. 99, 44, 36, 6, 3 అన్న అంకెలు లేకపోతే ఆ పిల్లలు ఉన్నట్టే మనకు తెలియదు. 28 లక్షలు అన్న అంకె లేకపోతే ఆ జాబితాలో ఏం తప్పిపోయిందో తెలియదు. లెక్క కావాలి. లెక్క పక్కన, ఎవరు అడిగారు, ఎవరి ముందు అడిగారు, ఎంతసేపు కూర్చున్నారు అన్నది కూడా రాసి ఉండాలి. ఆ మూడూ చెప్పని సర్వేను నేనిప్పుడు సగమే చదువుతాను.

అనువాదంలో ఆ వాక్యాన్ని మార్చాను. 'కమిటీ రాష్ట్రాలన్నీ తిరిగి తనకు కావలసిన వాళ్ళను అడిగింది' అని రాశాను. మూలానికి కొంచెం ఎక్కువే, కానీ చరిత్రకు తక్కువ కాదు. సంపాదకురాలు ఒప్పుకుంటారో లేదో. సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేయడానికి సరిచేస్తున్నాను. నిశ్చితాభిప్రాయం లేదన్న వాక్యం తీసేశాను. పట్టిక తీసేయలేదు, నేను చేసిన పనికి అది సాక్ష్యం. మూడో గడి పేరు మాత్రం మార్చాను. 'అభిప్రాయం లేదు' అన్న చోట 'నాకు చెప్పలేదు' అని రాశాను.